ఎడమ మర: ఒక క్రాంకు మరమ్మతు డైరీ

శనివారం రాత్రి

మేనకోడలు ఈరోజు కాలేజీ నుంచి సైకిలును నడిపించుకుంటూ వచ్చింది. ఎడమ పెడల్ పుస్తకాల సంచిలో ఉంది. మైపాడు గేటు దగ్గర మలుపు తిరుగుతుండగా కాలి కింద నుంచి ఊడి రోడ్డు మీద పడిందట. వెనుక వస్తున్న ఆటో డ్రైవరు బ్రేకు వేసి, దిగి, పెడల్ ఏరి చేతికి ఇచ్చాడట. మోకాలు కొద్దిగా గీరుకుంది. అక్క ఆ గీరుడు చూసి ఇక సైకిలు వద్దు, బస్సులో వెళ్ళు అంది. పిల్ల ముఖం చిన్నబోయింది. సైకిలు బాగుచేసి ఇచ్చే పూచీ నాదని అక్కకు మాట ఇచ్చాను.

రాత్రి భోజనాలయ్యాక జరిగింది మొదటి నుంచి అడిగాను. అక్కవాళ్ళు కిందటి నెల ఒంగోలు నుంచి నెల్లూరికి మారారు. సామాను బండిలో సైకిలు పట్టడానికి పెడల్స్ విప్పారు. ఇక్కడికి వచ్చాక తానే బిగించుకుంది.

"మామయ్యా, మొదట ఎడమవైపు పెట్టిన పెడల్ చేత్తో తిరగలేదు. పానా పెట్టి గట్టిగా తిప్పితే నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది. ఇంకా కదలకపోతే విప్పి చూశాను. దాని మీద ఆర్ అని ఉంది. అప్పుడు ఎల్ అని ఉన్నది తీసి పెట్టాను. అది బిగుసుకుంది. అంతా సరిపోయిందనుకున్నాను."

కుడి పెడల్ కుడి మర, ఎడమ పెడల్ ఎడమ మర. కుడి మర సవ్యదిశలో తిప్పితే బిగుస్తుంది, ఎడమ మర అపసవ్యదిశలో. కుడి మర ఉన్న ఉక్కు ఇరుసును ఎడమ మర ఉన్న అల్యూమినియం రంధ్రంలోకి బలవంతంగా తిప్పితే ఇరుసు టాపులాగా, అంటే రంధ్రంలో మర కోసే పనిముట్టులాగా, పనిచేస్తుంది. మెత్తని లోహాన్ని కోసుకుంటూ తన దారి తాను చేసుకుంటుంది. ఆ తరువాత సరైన పెడల్ పెట్టినా పట్టుకోవడానికి మిగిలిన మర సగమే. వారం రోజులు తొక్కేసరికి ఆ సగం కూడా పోయింది.

ఆర్, ఎల్ అక్షరాలు ఇరుసు చివర గింజంత ఉంటాయి, గ్రీజు పడితే కనబడవు. పిల్లను నేను తప్పుపట్టలేదు.

ఆదివారం

ఉదయం ఎండ ముదరకముందే వరండాలో పని మొదలుపెట్టాను. పెడల్‌ను పట్టుకుని తిరిగే చేయి క్రాంకు. దాని బోల్టు విప్పాను. ఆ బోల్టు రెండు వైపులా మామూలు కుడి మరే, ఎడమ మర పెడల్‌కు మాత్రమే. తరువాత క్రాంకును ఊడదీసే పనిముట్టు, పుల్లర్, బిగించి లాగాను. పుల్లర్ మర కూడా అల్యూమినియంలోనే ఉంటుంది. దాన్ని పూర్తిగా లోపలికి బిగించకుండా లాగితే ఒక మరమ్మతుకు రెండు మరమ్మతులవుతాయి. చేత్తో చివరి వరకు తిప్పి, ఆగాక పానాతో ఒక్క పట్టు పట్టి, అప్పుడు నడిమి బోల్టు తిప్పాను. చిన్న చప్పుడుతో ఊడివచ్చింది.

మేనకోడలూ నేనూ రంధ్రంలోకి టార్చి వేసి చూశాం. బయటి వైపు నాలుగైదు చుట్లు లేవు. ఉన్న చోట ఒక మర మీద ఇంకో మర అడ్డంగా కోసుకుని చిన్న చిన్న ముక్కలు నిలబడి ఉన్నాయి. మధ్యలో చుట్లు ఒకవైపుకు ఒరిగి నలిగాయి. చట్రం వైపు, అంటే వెనుక చివరన, రెండు చుట్లు మాత్రం చక్కగా మెరుస్తున్నాయి. కుడి పెడల్ అక్కడి వరకు చేరలేదు. ఆ రెండు చుట్ల మీద నాకు ఆశ కలిగింది.

కొలతలు రాసుకున్నాను. పెడల్ మర కొలత 9/16 అంగుళం, అంగుళానికి 20 చుట్లు. మిల్లీమీటర్లలో చెప్పాలంటే అడ్డుకొలత 14.29, చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.27. క్రాంకు పెడల్ వైపు తల వెడల్పు 29 మి.మీ., మందం 12.5 మి.మీ. క్రాంకు పొడవు 165 మి.మీ.

తరువాత చేసిన పని తక్కినవాటికంటే ముఖ్యం. ఊగుతున్న పెడల్‌తో వారం తొక్కిన క్రాంకు ఇది. క్రాంకులు విరిగేది చాలాసార్లు ఈ పెడల్ రంధ్రం దగ్గరే. పగులు ఉంటే మర బాగుచేసి ప్రయోజనం లేదు, పైగా ప్రమాదం. పాత పద్ధతి ఒకటి ఉంది. తల మొత్తం శుభ్రంగా కడిగి, కిరసనాయిలు పూసి పావుగంట ఉంచాను. పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, సుద్దముక్క నూరిన పొడి పలచగా అద్దాను. పగులు ఉంటే లోపల ఇంకిన కిరసనాయిలు సుద్దలోకి ఊరి సన్నని తడి గీత కనబడుతుంది. అరగంట సేపు ఇద్దరం మార్చి మార్చి చూశాం. గీత రాలేదు. క్రాంకు బతికే ఉందని రాసుకున్నాను.

సోమవారం

సాయంత్రం ట్రంకు రోడ్డు పక్క సందులో ఉన్న పాత సైకిలు షాపుకు వెళ్ళాను. అక్కడి పెద్దాయన దగ్గర కుడి, ఎడమ పెడల్ టాపుల జత ఉంది. కాటర్ పిన్నుల ఉక్కు క్రాంకుల కాలం నుంచి వాడుతున్నవి. ఆ సైకిళ్ళకూ మర కొలత ఇదే కాబట్టి టాపు పనికివస్తుంది.

"బయటినుంచి పెట్టకు నాయనా, వెనుకనుంచి పెట్టు" అన్నాడు చూడగానే. ఆయన ఆ మాట అనకముందే నేను అదే అడగబోయాను. బయటివైపు మర ఏది అసలుదో ఏది దొంగదో టాపుకు తెలియదు. వెనుక రెండు చుట్లు పదిలంగా ఉన్నాయి కాబట్టి టాపు వాటిని పట్టుకుని వెళ్తే, పాత దారిలోనే బయటికి వస్తుంది.

వైసులో క్రాంకును రెండు చెక్క ముక్కల మధ్య బిగించాడు. టాపుకు కిరసనాయిలు రాశాడు. అల్యూమినియానికి కిరసనాయిలే మంచిది, కోసిన లోహం టాపు పళ్ళకు అంటుకోదు. మొదటి రెండు చుట్లు వేళ్ళతోనే తిప్పాడు. తరువాత పిడి పట్టి అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కు, అలా నెమ్మదిగా నడిపాడు. వెండి రజను జారి కింద పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. చేతిలో పని ఉన్నవాడి మణికట్టు చూడటం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం.

టాపు బయటికి వచ్చింది. మర ఆకారం తేరింది కానీ చుట్లు పలచగా, కత్తి అంచుల్లా మిగిలాయి. పెడల్ ఎక్కించి చూశాం. చేత్తో ఎక్కింది. పానాతో బిగించబోతే ఒక హద్దు దాటాక బిగువు పెరగడం మానేసింది. మర జారుతోందని చేతికి తెలిసిపోయింది. వెంటనే ఆపాం.

"మిగిలింది సగం కూడా లేదు. పిల్ల లేచి నిలబడి తొక్కితే ఆగదు" అన్నాడు పెద్దాయన. డబ్బు తీసుకోలేదు.

మంగళవారం

నలుగురిని అడిగితే నాలుగు మందులు చెప్పారు. ఒక్కొక్కటీ ఎందుకు వద్దనుకున్నానో రాసిపెట్టుకోవాలి, లేకపోతే రేపు అలసిపోయినప్పుడు మళ్ళీ వాటి వైపే మనసు పోతుంది.

రంధ్రం వెల్డింగుతో నింపి కొత్తగా మర కోయడం. ఉక్కు క్రాంకుకు ఇది మంచి పద్ధతే. ఈ క్రాంకు వేడి చికిత్సతో గట్టిపరచిన అల్యూమినియం. వెల్డింగు వేడికి ఆ గట్టిదనం పోతుంది. బరువంతా పడే చోటనే మెత్తబడితే ఏం లాభం?

రెండు ముద్దలు కలిపి పూసే సీలు. ఇది నీళ్ళ పైపుకు సరిపోతుంది, మనిషి బరువుకు కాదు.

మోటారు సైకిలు మెకానిక్ ఒకరు స్పార్క్ ప్లగ్గు మర పోతే వేసే స్ప్రింగు ఇన్సర్టు చూపించారు. చూడటానికి కొలత ఒకటే అనిపిస్తుంది. నిజానికి ఆ ప్లగ్గు మర 14 మి.మీ., చుట్టు 1.25. పెడల్ మర 14.29, చుట్టు 1.27. రెండు చుట్ల వరకు తేడా తెలియదు. పది చుట్లకు ఆ తేడా 0.2 మి.మీ. అవుతుంది, అక్కడ ఇరుసు ఇరుక్కుంటుంది. దగ్గరగా ఉన్న కొలత దూరంగా ఉన్నదానికంటే ఎక్కువ మోసం చేస్తుంది. పైగా ఆయన దగ్గర ఉన్నది కుడి మర. పెడల్ కొలతకే చేసిన ఎడమ మర ఇన్సర్టులు, వాటి టాపులు ఉన్నాయి. ఒక్క క్రాంకు కోసం ఆ సామగ్రి అంతా తెప్పించుకోవడం నాకు మించిన ఖర్చు.

కొత్త క్రాంకు. షాపుల్లో దొరికినవి 170 మి.మీ.వి. కుడివైపు 165, ఎడమవైపు 170 పెట్టి రోజూ కాలేజీకి తొక్కమని ఎదిగే పిల్లకు ఇవ్వలేను. జత మొత్తం మార్చవచ్చు. కానీ కుడి క్రాంకు, పళ్ళ చక్రం, చైను అన్నీ బాగున్నాయి. రంధ్రం చుట్టూ 7 మి.మీ.కు పైగా మంచి లోహం ఉంది. ఈ క్రాంకును పారేయడానికి నాకు కారణం కనబడలేదు.

మిగిలింది బుష్. రంధ్రాన్ని పెద్దది చేసి, అందులో ఉక్కు గొట్టం ముక్క బిగించి, ఆ ఉక్కులో పెడల్ మర కోయడం. బాగా చేస్తే మొదటి మర కంటే గట్టిగా ఉంటుంది.

బుధవారం

రాత్రి కరెంటు పోయింది. మేడ మీద కూర్చున్నప్పుడు మేనకోడలు అడిగింది: "అసలు ఎడమవైపుకు తిరగేసిన మర ఎందుకు మామయ్యా? రెండూ ఒకేలా ఉంటే ఈ గొడవే ఉండేది కాదు కదా."

నోటితో చెప్పేకంటే చూపించడం మేలనిపించి, ఆమె చేతి గాజు ఒకటి తీయమన్నాను. గాజును నేల మీద కదలకుండా పట్టుకుని, లోపల ఒక స్కెచ్ పెన్ను నిలబెట్టి, గాజు లోపలి అంచును తాకుతూ చుట్టూ దొర్లించమన్నాను. పెన్ను మీద సుద్దతో ఒక గీత గీశాను. సెల్‌ఫోను వెలుగులో చూసింది. పెన్ను గాజు వెంట సవ్యదిశలో చుట్టివస్తోంది, గీత మాత్రం అపసవ్యదిశలో తిరుగుతోంది. రెండు మూడుసార్లు చేసి, "వెనక్కు తిరుగుతోంది!" అని ఆశ్చర్యపోయింది.

గాజు అంటే క్రాంకు రంధ్రం, పెన్ను అంటే ఇరుసు. ఎంత బిగించినా రెండింటి మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది. పాదం ఎప్పుడూ కిందికే నొక్కుతుంది. క్రాంకు మాత్రం తిరుగుతూ ఉంటుంది. కాబట్టి క్రాంకు వైపు నుంచి చూస్తే, ఇరుసు ఒత్తుకునే చోటు రంధ్రం చుట్టూ పరుగెడుతూ ఉంటుంది. సైకిలుకు ఎడమ పక్క నిలబడి చూస్తే క్రాంకు తిరిగేది అపసవ్యదిశలో. ఒత్తిడి పరుగెత్తేది దానికి ఎదురుగా, సవ్యదిశలో. ఇరుసు దొర్లేది మళ్ళీ దానికి ఎదురుగా, అపసవ్యదిశలో. మామూలు కుడి మర అపసవ్యదిశలో ఊడుతుంది. ఎడమ మర అదే దిశలో బిగుసుకుంటుంది. అందుకే ఎడమవైపు ఎడమ మర.

బేరింగు రాపిడి వల్ల పెడల్ బిగుసుకుంటుందని చాలామంది అనుకుంటారు. రాపిడి లాగేది అటు కాదు, ఊడే వైపే. కానీ ఈ దొర్లుడు రాపిడిని మించిపోతుంది. లెక్క వేసి చూపించాను. సందు 0.02 మి.మీ. ఉండి, ఇరుసు జారకుండా దొర్లితే, ఒక్క తొక్కుడుకు సుమారు అర డిగ్రీ తిరుగుతుంది. 720 తొక్కుళ్ళకు ఒక పూర్తి చుట్టు. నిమిషానికి 60 తొక్కితే పన్నెండు నిమిషాలు. పిల్ల కాలేజీ దారికంటే తక్కువ సమయం.

తనకు చెబుతుండగానే నాకు ఒక సంగతి తట్టింది. ఈ బలం పెడల్ దగ్గర ఆగదు. బుష్ వేస్తే బుష్‌ను కూడా అదే వైపుకు తిప్పుతుంది. కాబట్టి బుష్ బయటి మర కూడా ఎడమ మరే కావాలి. కుడి మరతో బుష్ వేస్తే పెడల్ బిగించిన ప్రతిసారీ బుష్‌ను విప్పుతున్నట్టే. బుష్‌ను బయటివైపు నుంచి ఎక్కించాలి, దానికి ఒక కాలర్, అంటే పొడుచుకువచ్చిన అంచు, ఉండాలి, కాలర్ క్రాంకు ముఖంలో కోసిన మెట్టులో కూర్చోవాలి. అప్పుడు పెడల్ బిగిస్తే బుష్ కూడా తన చోట ఇంకా బిగుసుకుంటుంది.

కరెంటు వచ్చాక కిందికి దిగి బొమ్మ గీశాను. బుష్ బయటి మర 18 మి.మీ., లోపలి మర 9/16 అంగుళం, రెండూ ఎడమే. కాలర్ 21 మి.మీ. వెడల్పు, 1.5 మి.మీ. మందం. బుష్ గోడ అతి పలచని చోట 1 మి.మీ. పైన. క్రాంకులో బుష్ చుట్టూ మిగిలే లోహం 5.5 మి.మీ. కాలర్ మెట్టులోకి దిగిపోతుంది కాబట్టి పెడల్ పాత చోటనే ఉంటుంది.

శుక్రవారం

సెలవు పెట్టి ఆటోనగర్ వెళ్ళాను. లారీల పనులు చేసే లేతు షాపు. పంజాబులోని బటాలా నుంచి వచ్చిన పాత లేతు, ముందు భాగంలో గ్యాప్, అంటే పెద్ద పని తిరగడానికి వదిలిన పల్లం, ఉన్నది. అది నాకు కావలసిందే. క్రాంకును పెడల్ రంధ్రం నడిమికి తెచ్చి తిప్పితే రెండో చివర 185 మి.మీ. దూరం చాచుకుని తిరుగుతుంది. గ్యాప్ లేని చిన్న లేతు మీద అది తిరగదు.

మేస్త్రి బొమ్మ చూశారు. "ఇంత కష్టం ఎందుకు సార్? 18 మి.మీ.కి ఒకటిన్నర మి.మీ. చుట్టు టాపు నా దగ్గరుంది. డ్రిల్లు వేసి, టాపు కొట్టి, బుష్ ఎక్కించి, గట్టి లాకింగు మందు వేస్తే అరగంటలో అయిపోతుంది" అన్నారు.

"ఆ టాపు కుడి మర కదా మేస్త్రీ. పెడల్ బిగించేది ఎడమకు. బిగించిన కొద్దీ బుష్ ఊడే వైపు తిరుగుతుంది. మందు ఒక్కటే ఆపాలి" అన్నాను.

ఆయన టాపును చేతిలో తిప్పుతూ ఆలోచించారు. తరువాత బొమ్మ మీద వేలు పెట్టి అడిగారు: "బయటి మర కూడా అంగుళానికి 20 పెట్టుకుందామా? లోపలిదీ బయటిదీ ఒకే చుట్టు అయితే గేర్లు ఒక్కసారి మారిస్తే చాలు."

నాకు తట్టని మాట అది. ఆ లేతులో పనిముట్టును నడిపే లీడు స్క్రూ అంగుళానికి 4 చుట్లు. 20 చుట్ల మర కావాలంటే నిష్పత్తి ఒకటికి ఐదు. పనిని తిప్పే స్పిండిల్ వైపు 20 పళ్ళ చక్రం, స్క్రూ వైపు 100 పళ్ళ చక్రం. ఎడమ మరకు మధ్యలో ఇంకో చక్రం చేరిస్తే స్క్రూ ఎదురు తిరుగుతుంది. 20ని 4 భాగిస్తుంది కాబట్టి, ఒక్కో కోతకు పనిముట్టును ఆ స్క్రూకు కలిపే హాఫ్ నట్టు విడిచి మళ్ళీ ఎక్కడ వేసినా పనిముట్టు అదే గాడిలో పడుతుంది. ఒకటిన్నర మి.మీ. మర ఆ లేతు మీద సరిగ్గా కోయాలంటే 127 పళ్ళ చక్రం కావాలి, అది ఆయన దగ్గర లేదు.

ఇంకో సంగతి నేను గుర్తుచేశాను. ఆయన అలవాటుగా పట్టిన పనిముట్టు 55 డిగ్రీల కోణానిది, పాత విట్‌వర్త్ మరలది. సైకిలు మర కోణం 60 డిగ్రీలు. గేజి పెట్టి చూసి, కొత్తగా సాన పట్టారు.

ఈరోజు చేసిన మొదటి బుష్ పాడైంది. ఈఎన్-8 ఉక్కు కడ్డీ మీద బయటి మర చక్కగా కోసి, ముక్క విడగొట్టి, తిప్పి మూడు దవడల చక్కులో పట్టి లోపలి మర కోశాం. తీసి చూస్తే పెడల్ ఇరుసు సగం వరకు వెళ్ళి ఆగింది. కొలిస్తే లోపలి రంధ్రం గుండ్రంగా లేదు. గోడ 1 మి.మీ. ఉన్న గొట్టాన్ని మూడు దవడలు నొక్కితే లోపల మూడు మూలలు తేలుతాయి. అలా నొక్కి ఉన్నప్పుడు గుండ్రంగా కోసినది, వదిలాక తిరిగి వంకరవుతుంది.

మేస్త్రి ఆ బుష్‌ను బల్ల మీద పెట్టి, "తప్పు వరసలో ఉంది. రేపు రండి సార్" అన్నారు. ఆ మాట సరైనదే.

శనివారం

వరస మార్చాం. ముందు క్రాంకు, తరువాత దానికి సరిపడేలా బుష్. బయటి మరను వెంట్రుకంత తగ్గించి సరిచూడటం తేలిక, రంధ్రంలో ఒకసారి ఎక్కువ కోస్తే వెనక్కు రాదు.

క్రాంకును లేతులో తిరిగే పళ్ళెంలాంటి ఫేస్ ప్లేటు మీద బిగించడానికే గంటన్నర పట్టింది. పెడల్ ఇరుసు చట్రం ఇరుసుకు సమాంతరంగా ఉండాలి. కొంచెం వంగినా పాదం ఒక్కో చుట్టుకూ ఊగుతుంది, మోకాలికి తెలుస్తుంది. క్రాంకు బయటి ముఖాన్ని ఫ్యాక్టరీలో రంధ్రానికి నిటారుగా కోసి ఉంటారు కాబట్టి దాన్నే ఆధారం చేసుకున్నాం. ముఖానికి ముల్లుతో సన్నని తేడా చూపే డయల్ గేజి ఆనించి చేత్తో తిప్పుతూ, వెనుక పలచని రేకు ముక్కలు పెడుతూ తీస్తూ, ముల్లు కదలిక 0.05 మి.మీ. లోపలికి తెచ్చాం. నడిమి కోసం వెనుక మిగిలిన రెండు మంచి చుట్ల మీద గేజి పెట్టాం. ఆదివారం నాకు ఆశ కలిగించిన ఆ రెండు చుట్లు టాపుకు పనికిరాకపోయినా ఇక్కడ పనికివచ్చాయి.

ఫేస్ ప్లేటుకు అవతలివైపు ఒక పాత ఫ్లాంజి ముక్క బరువుగా బిగించారు. లేకపోతే ఒకవైపు క్రాంకు బరువుకు లేతు అంతా ఊగుతుంది. వేగం నిమిషానికి 60 చుట్ల దగ్గరే ఉంచారు.

రంధ్రం 16.6 మి.మీ. వరకు పెద్దది చేశారు. ఆ మొదటి కోత పడుతున్నప్పుడు నా గుండె కొట్టుకోవడం నాకే వినబడింది. పాత మర ముక్కలు మూడు కోతల్లో రజనై పోయాయి. లోపల తెల్లని, మచ్చలేని లోహం వచ్చింది. పగులు కోసం మళ్ళీ చూశాను, లేదు. తరువాత కాలర్ కోసం మెట్టు.

ఆ తరువాత మర. ఎడమ మర కాబట్టి పనిముట్టు లోపలి నుంచి బయటికి నడుస్తుంది. మొదటి కోత గీతంత. మేస్త్రి యంత్రం ఆపి, గీతల మీద స్కేలు పెట్టి, అంగుళానికి 20 లెక్కపెట్టి తల ఊపారు. తరువాత 0.1 మి.మీ. చొప్పున, చివర్లో 0.05 చొప్పున. ఒక్కో కోతకు కిరసనాయిలు బ్రష్షుతో నేను రాశాను.

రెండో బుష్‌కు కడ్డీ గట్టిగా ఉండగానే ముందు లోపలి మర కోశారు. నేను ట్రంకు రోడ్డు పెద్దాయన దగ్గర అడిగి తెచ్చిన ఎడమ టాపుతో దాన్ని చివరిసారి శుభ్రపరిచారు. తరువాత బయటి మర కోశారు. ముక్క విడగొట్టకముందే క్రాంకును చేత్తో దాని మీదికి తిప్పి చూసి, రెండుసార్లు సన్నగా తగ్గించి, వేళ్ళ బలంతో ఊగకుండా ఎక్కేలా చేశారు. చివరికి విడగొట్టారు. ఈసారి ఎక్కడా దవడ నొక్కలేదు.

పెడల్ ఇరుసు చివరి వరకు చేత్తో వెళ్ళింది. మేస్త్రి కూలి ఏడు వందలు అడిగారు. పాడైన బుష్‌కు ఏమీ కలపలేదని తెలిసి వెయ్యి ఇచ్చాను. రెండు వందలు తిరిగి ఇచ్చేశారు.

ఆదివారం

అతికించే పని ఇంట్లోనే. బుష్, క్రాంకు రెండు మరలనూ అసిటోనుతో కడిగాం. మేనకోడలు గోళ్ళ రంగు తుడిచే సీసా తెచ్చింది. అందులో చర్మం కోసం నూనె కలుపుతారు, నూనె ఉంటే మందు పట్టదు. హార్డువేరు షాపు అసిటోనే వాడాం.

మందు గాలి తగలని చోట, లోహం మధ్య గట్టిపడే రకం. బయటి మరకు మాత్రమే రాశాను. బుష్‌ను పట్టుకుని తిప్పడానికి దాని మీద పలకలేమీ లేవు, ఉంటే కాలర్ పెరిగేది. అందుకని పాత ఎడమ పెడల్‌ను విప్పి, దాని ఇరుసునే పనిముట్టుగా వాడాను. ఇరుసుకు నూనె పట్టించి బుష్‌లో చివరి వరకు ఎక్కించి, రెండింటినీ కలిపి క్రాంకులోకి ఎడమకు తిప్పాను. కాలర్ మెట్టులో కూర్చున్నాక పానాతో బిగించాను. పెడల్ బిగించే బలమే బుష్‌ను కూర్చోబెట్టింది. బుధవారం రాత్రి మేడ మీద అనుకున్నది ఇదే.

ఇరుసును ఇప్పుడే తీస్తే బుష్ కూడా వెంట వస్తుంది. 24 గంటలు అలాగే ఉండాలి. పిల్లకు ఆగడం కష్టంగా ఉంది. నాకూ ఉంది.

మంగళవారం

నిన్న రాత్రి కాకుండా ఈ ఉదయం వరకు ఆగాను. ఇరుసును సవ్యదిశలో ఒక్క కుదుపు కుదిపాను. ఇరుసు కదిలింది, బుష్ కదలలేదు.

కొత్త పెడల్‌ను మేనకోడలితోనే ఎక్కించాను. ముందు ఎల్ అక్షరం చూసింది. మరకు గ్రీజు రాసింది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఉక్కు ఇరుసు ఉక్కు బుష్‌లో గ్రీజు లేకుండా ఉంటే తుప్పుతో కరిచిపట్టుకుంటుంది. మొదటి మూడు చుట్లు వేళ్ళతోనే తిప్పమన్నాను. వేళ్ళతో తిరగకపోతే ఆగి విప్పాలి, పానా ముట్టుకోకూడదు. తిరిగింది.

బిగువు ఎంతో కొలిచి చూడాలనిపించింది. పెడల్స్‌కు 35 న్యూటన్ మీటర్లు కావాలి. పానా మీద ఇరుసు నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో గుర్తు పెట్టి, సామాను తూచే కొక్కెం త్రాసు తగిలించి లాగాం. 18 కిలోలు చూపినప్పుడు ఆపాం.

పెడల్ తిప్పి వెనుకనుంచి చూశాను. ఊగలేదు. కాలర్ మీద నుంచి క్రాంకు మీదికి గోళ్ళ రంగుతో ఎర్రని సన్నగీత గీసింది మేనకోడలు. బుష్ రవ్వంత కదిలినా గీత విరుగుతుంది.

సాయంత్రం పెన్నా వంతెన దాటి కోవూరు వరకు వెళ్ళి వచ్చాం, తను సైకిలు మీద, నేను స్కూటరు మీద వెనుక. వంతెన ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కమన్నాను. రెండుసార్లు తొక్కింది. చప్పుడు లేదు.

రెండో ఆదివారం

తెల్లవారుజామున ఐదింటికి ఇందుకూరుపేట మీదుగా మైపాడు వెళ్ళాం. ఈసారి నేను కూడా సైకిలు మీదే. వరిచేలు దాటాక రొయ్యల గుంటల మీద ఏరేటర్ల చక్రాలు తిరుగుతున్నాయి. ఒడ్డున కాసేపు కూర్చుని, పడవల దగ్గర చేపలు దించడం చూసి, ఎండ ముదరకముందే తిరిగి బయలుదేరాం. రానూ పోనూ యాభై కిలోమీటర్లు.

ఇంటికి వచ్చాక పెడల్‌ను త్రాసుతో మళ్ళీ పరీక్షించాం. 18 కిలోల వరకు లాగినా పెడల్ కదలలేదు. ఎర్రగీత ఎక్కడా విరగలేదు. అక్క కూడా వంగి చూసింది. మోకాలి గాయం ఎండిపోయిందా అని మాత్రం అడిగింది.

ట్రంకు రోడ్డు పెద్దాయన టాపు కడిగి, నూనె రాసి, కాగితంలో చుట్టి పెట్టాను. రేపు ఇచ్చి రావాలి. క్రాంకు కూడా చూపించమన్నాడు, సైకిలు మీదే తీసుకువెళ్తానని మేనకోడలు చెప్పింది.